కట్టెల పొయ్యి: పొగ తగ్గించుకుని, ప్రమాదం లేకుండా ఇంట్లో వాడుకోవడం ఎలా?

మా అమ్మమ్మ జన్మలో బీడీ ముట్టలేదు. డెబ్బై దాటాక ఆయాసం ఎక్కువైతే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఎక్స్‌రే చూసిన డాక్టరు అడిగిన మొదటి మాట, "ఈవిడ చుట్ట తాగుతారా?" అని. రోజుకు రెండు పూటల చొప్పున యాభై ఏళ్ళు పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదిన మనిషి ఆమె. పల్నాడులో మా పాత వంటసాల గోడకు వేలు ఆనిస్తే నల్లగా, జిగటగా అంటుకునేది. ఆ జిగటే ఆమె ఛాతీలోనూ పేరుకుందని మాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైంది.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. 2016లో ఉజ్వల వచ్చింది. పల్లెల్లో కూడా చాలా ఇళ్ళలో గ్యాస్ స్టవ్ చేరింది. అయినా పెరట్లో పొయ్యి ఆరలేదు. స్నానానికి నీళ్ళు కాగాలన్నా, గేదెకు కుడితి వేడి చేయాలన్నా, సంక్రాంతికి అరిసెలు వండాలన్నా, ఇంట్లో శుభకార్యానికి గాడిపొయ్యి తవ్వాలన్నా ఇప్పటికీ కట్టెలే. సిలిండర్ మధ్యలో అయిపోతే చెప్పక్కర్లేదు. వాడకం తప్పనప్పుడు దాన్ని సరిగ్గా వాడటం తెలిసి ఉండాలి. అమ్మమ్మ పోయాక మా ఇంట్లో ఒక్కొక్కటిగా మార్చుకున్న పద్ధతులే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఎంత బాగా వాడినా కట్టెల పొయ్యి గ్యాస్ అంత శుభ్రంగా మండదు. ఇళ్ళలో వంట పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పసిపిల్లల్లో న్యుమోనియా, పెద్దవాళ్ళలో తగ్గని దగ్గు, ఆయాసం, గుండె జబ్బు, కంట్లో శుక్లాలు, వీటన్నిటికీ ఈ పొగతో సంబంధం ఉంది. గర్భిణి, చంటిబిడ్డ, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఉన్న ఇంట్లో రోజువారీ వంట గ్యాస్ మీదికి మార్చేయండి. కట్టెలను నీళ్ళు కాచుకోవడానికి, పెద్ద వంటలకు, ఆరుబయటికి పరిమితం చేయండి.

పొగ ఎందుకు వస్తుంది

కట్టె అంటించగానే అది నేరుగా కాలదు. వేడికి ముందు దానిలోంచి ఆవిర్లు, వాయువులు బయటికి వస్తాయి. ఎండు కట్టె బరువులో ముప్పాతిక వంతు ఇలా వాయువుగానే పోతుంది. చాలినంత వేడి, గాలి దొరికితే ఆ వాయువు మంటగా మారుతుంది. దొరక్కపోతే పొగగా మారి మన ముక్కులోకి వస్తుంది. అంటే పొగ కాలకుండా తప్పించుకుపోయిన కట్టెన్నమాట. కళ్ళు మండుతున్నాయంటే కట్టెలు కూడా వృథా అవుతున్నట్టే. పొయ్యి పొగ చిమ్ముతుంటే "కట్టెల పొయ్యి అంటే ఇంతే కదా" అని సర్దుకోకండి. కట్టె తడిగా ఉందో, గాలి ఆడటం లేదో, మంట మీద గిన్నె మరీ దగ్గరగా ఉందో, మూడింటిలో ఒకటి వెతకండి. ఇది పట్టుబడితే మిగతాదంతా సులువు.

1. చోటు చూసుకోవడం

అన్నిటికన్నా మంచి చోటు ఆరుబయట పంచ. పైన కప్పు ఉండి, కనీసం రెండు పక్కలు తెరిచి ఉంటే వానకు ఇబ్బంది ఉండదు, పొగ నిలవదు. వాస్తు ప్రకారం చాలామంది ఆగ్నేయ మూలలో పెడతారు. పెట్టుకోండి, కానీ గాలి కూడా చూడండి. సముద్రతీరం దగ్గరి ఊళ్ళలో మధ్యాహ్నం దాటితే సముద్రం వైపు నుంచి గాలి మళ్ళుతుంది. ఆగ్నేయంలో పొయ్యి ఉండి, దాని పక్కనే ఇంటి తలుపు ఉంటే పొగంతా హాల్లోకే. ఒక అగరొత్తి వెలిగించి, వంట చేసే వేళల్లో ఆ చోట నాలుగు రోజులు పెట్టి చూడండి. పొగ ఎటు వాలుతుందో తెలిసిపోతుంది. మేము అలా చూశాకే పొయ్యిని ఆరు అడుగులు పక్కకు జరిపాం. ఇంట్లోకి పొగ రావడం అప్పటినుంచి బాగా తగ్గింది.

లోపలే పెట్టక తప్పకపోతే ఎదురెదురుగా రెండు కిటికీలు ఉండాలి. దానికి తోడు గోడ పైభాగంలో, చూరుకు కాస్త కింద, గాలి పోయే సందు ఉండాలి. వేడి పొగ పైకే పోతుంది కాబట్టి కింద ఎన్ని కిటికీలున్నా పైన దారి లేకపోతే పొగ తల మీదే తిరుగుతుంది. పాత పెంకుటిళ్ళలో పెంకుల సందుల్లోంచి పొగ దానంతట అదే పోయేది. స్లాబు ఇళ్ళలో ఆ సదుపాయం లేదు. అందుకే స్లాబు వంటగదిలో కట్టెల పొయ్యి అసలు పెట్టవద్దనే నా సలహా.

తాటాకు పాకలో గానీ, రెల్లుగడ్డి కప్పు కింద గానీ మంట పెట్టకండి. వేసవిలో ఒక్క నిప్పురవ్వ ఎగిరి పూరిళ్ళు వరసగా కాలిపోవడం మన ఊళ్ళలో చూస్తూనే ఉన్నాం. గడ్డివాము, ఎండిన కంప, పత్తి నిల్వ ఉన్న కొట్టం, వీటికి పొయ్యి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. చుట్టూ కనీసం మూడడుగుల మేర మండే వస్తువేదీ ఉండకూడదు. పొయ్యి పైన అటక మీద కట్టెలు, చీపుళ్ళు, గోనెసంచులు దాచే అలవాటు మానేయాలి.

పిల్లలున్న ఇంట్లో పొయ్యిని నేల మీద కాకుండా రెండడుగుల ఎత్తు గట్టు మీద కట్టడం మంచిది. వండేవాళ్ళకు నడుం నొప్పి కూడా తగ్గుతుంది. కింద పొయ్యే ఉంటే, మా అమ్మ చేసే పని చేయండి. పొద్దున ముగ్గు వేసేటప్పుడు పొయ్యి చుట్టూ మూడడుగుల దూరంలో ఒక గీత గీస్తుంది. "గీత దాటితే అన్నం లేదు" అని మనవలకు చెబుతుంది. మూడేళ్ళ పిల్లకు కూడా అది అర్థమైంది. అయినా పెద్దవాళ్ళ కన్ను అటే ఉండాలి, గీతకే వదిలేయకూడదు.

2. పొయ్యి కట్టుకోవడం

మూడు రాళ్ళ పొయ్యి అందరికీ తెలిసిందే. సులువు, కానీ సెగ నాలుగు పక్కలకూ పోతుంది, గాలి కొడితే మంట చీర కుచ్చిళ్ళ మీదికి వస్తుంది. మూడు వైపులా గోడ ఉండి, ముందు నోరున్న మట్టి పొయ్యి దీనికన్నా నయం. పుట్టమన్ను, ఊక, కాస్త పేడ కలిపి రెండు రోజులు నాననిచ్చి కడితే బీటలు తక్కువగా వస్తాయి. కట్టాక నీడలో ఆరబెట్టి, మొదటి రెండు రోజులు చిన్న మంట మాత్రమే పెట్టాలి.

మంట తగిలే చోట సిమెంటు పూయకండి. వేడికి సిమెంటు, కాంక్రీటు పెచ్చులుగా లేస్తాయి, ఒక్కోసారి టప్పున పేలి కళ్ళలో పడతాయి. ఏట్లోంచి తెచ్చిన తడి గుండ్రాళ్ళు కూడా అంతే, లోపలి నీరు ఆవిరై రాయి పగులుతుంది. పట్నాల్లో మేడ మీద బిర్యానీ కోసం స్లాబు మీదే కట్టెలు పేర్చడం చూస్తున్నాను. అలా చేయకండి. రెండు వరసల ఇటుకలు, వాటి మీద నాలుగు అంగుళాల ఇసుక వేసి, దానిపైన పొయ్యి పెట్టండి. టైల్స్, గ్రానైట్ అయినా ఇదే పద్ధతి.

పొయ్యిలో అందరూ మరిచిపోయేది అడుగున జల్లెడ. నాలుగైదు ఇనప కడ్డీలను అడుగు నుంచి రెండు మూడు అంగుళాల ఎత్తులో అడ్డంగా అమర్చండి. కట్టెలు దానిమీద ఉంటాయి, కిందినుంచి గాలి వస్తుంది, బూడిద కిందికి జారుతుంది. కడ్డీల ధర వందల్లోనే ఉంటుంది. మా ఇంట్లో పొగ తగ్గడానికి ఎక్కువగా పనికొచ్చింది ఇదే. గిన్నె అడుగుకీ కడ్డీలకీ మధ్య జానెడుకు కాస్త తక్కువ ఎడం ఉంచండి. మరీ దగ్గరైతే మంట చల్లని గిన్నెకు తగిలి ఆరిపోయి మసిగా మారుతుంది. మరీ దూరమైతే కట్టెలు దండగ.

పొగగొట్టం పెడితే ఇంకా మంచిది. ఇది మనకు కొత్త సంగతి కాదు. 1950ల్లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో ఎస్.పి. రాజు ఒకే మంట మీద పలు గిన్నెలు ఉడికే, పొగ గొట్టం గుండా బయటికి పోయే మట్టి పొయ్యిని తయారుచేశారు. తర్వాత 1980ల్లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా మెరుగైన పొయ్యిలు పంచింది, 2002 దాకా ఆ కార్యక్రమం నడిచింది. చాలా ఇళ్ళలో ఆ పొయ్యిలు మూలపడటానికి ఒక పెద్ద కారణం, గొట్టంలో మసి పేరుకుంటే తీసేవాళ్ళు లేకపోవడం. అందుకే గొట్టం పెట్టేటప్పుడే దాన్ని శుభ్రం చేసే దారి కూడా ఆలోచించండి. నాలుగు అంగుళాల రేకు గొట్టం, మధ్యలో మలుపులు లేకుండా నిటారుగా, కప్పు మీద రెండు మూడడుగులు పైకి ఉండాలి. వాన పడకుండా పైన టోపీ, మసి తీయడానికి అడుగున మూతున్న సందు పెట్టించండి. పాత ఆస్‌బెస్టాస్ గొట్టాలు కోసి వాడకండి, ఆ ధూళి ఊపిరితిత్తులకు విషం.

నెలకోసారి, పొయ్యి పూర్తిగా చల్లారాక, తాడుకు గోనెగుడ్డ ముడి కట్టి గొట్టంలో పైకీ కిందికీ లాగండి. మొదటిసారి చేసినప్పుడు మాకు అర తట్ట మసి వచ్చింది. అది పొడిగా రాలితే పరవాలేదు. తారులా నిగనిగలాడుతూ అంటుకుని ఉంటే మీరు తడి కట్టె వాడుతున్నట్టు లెక్క. ఆ తారుకు నిప్పంటుకుంటే గొట్టమే మండుతుంది.

3. కట్టె ఎంచుకోవడం, ఎండబెట్టడం

అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్ళే. కిలో కట్టె పొయ్యిలో పెడితే, అన్నం ఎసరు కాగడానికి ముందే అర లీటరు నీళ్ళను ఆవిరి చేయాలన్నమాట. కళ్ళ వెంట నీళ్ళు కారకుండా ఎలా ఉంటాయి? బాగా ఎండిన కట్టెలో నీరు 20 శాతం లోపు ఉంటుంది.

ఎండిందో లేదో చూడటానికి పరికరం అక్కర్లేదు. రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టండి. ఎండితే టంగుమని గట్టిగా పలుకుతుంది, పచ్చిదైతే మొద్దుగా ధబ్బుమంటుంది. కోసిన చివర చక్రంలోని ఆకుల్లా చీలికలు కనబడాలి. బెరడు చేత్తో ఊడిరావాలి. పొయ్యిలో పెట్టాక రెండో చివర నుంచి సుయ్‌మంటూ నురగ కక్కుతుంటే ఇంకా పచ్చిగా ఉందని అర్థం, తీసి పక్కన పెట్టేయండి.

నల్లతుమ్మ, చింత, సరుగుడు, సర్కారు తుమ్మ నిదానంగా, గట్టి వేడితో కాలతాయి. సర్కారు తుమ్మ ముల్లు చెప్పును కూడా చీల్చుకుని దిగుతుంది, కొట్టేటప్పుడు జాగ్రత్త. కంది కట్టె, పత్తి కట్టె భగ్గున అంటుకుని త్వరగా అయిపోతాయి. అంటించడానికి బాగుంటాయి కానీ పొయ్యి దగ్గరనుంచి కదలడానికి వీల్లేదు. పత్తి కట్టెకు మందు కొట్టి ఉంటారు కాబట్టి ఆకు, కాయ దులిపేసి, ఆరుబయట మాత్రమే వాడండి. మిరప కట్టె సంగతి మా వైపు వాళ్ళకు చెప్పాలా! దానికి ఒక్క ఎండు కాయ అంటుకుని ఉన్నా ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గుతూ వీధిలోకి పరిగెత్తాల్సిందే. వెదురు వాడితే కణుపులు ముందే చీల్చండి, మూసి ఉన్న కణుపు మంటలో పేలుతుంది.

పొయ్యిలో పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. గన్నేరు ఏ రకమైనా సరే వద్దు, దాని పొగ కూడా విషమే. జిల్లేడు, జెముడు పాలు కళ్ళకు ప్రమాదం. రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్, పురుగుమందు డబ్బాలు, పాలిథిన్ కవర్లు, టైరు ముక్కలు వేస్తే వచ్చే పొగ కట్టె పొగ కన్నా ఎన్నో రెట్లు హానికరం. పాల ప్యాకెట్‌తో పొయ్యి అంటించడం ఇప్పుడు ప్రతి ఇంట్లో అలవాటైపోయింది. దయచేసి మానేయండి.

కట్టెలు వేసవిలోనే కొని, మణికట్టు లావు మించకుండా చీల్చి, ఇటుకల మీద పేర్చండి. నేలకు తగలకూడదు, గోడకు ఆనకూడదు. పైన మాత్రం రేకో, టార్పాలినో కప్పి, పక్కలు గాలికి వదిలేయాలి. చుట్టూ కప్పేస్తే లోపల బూజు పడుతుంది. ఏప్రిల్, మే ఎండలు తగిలితే వానాకాలానికి సిద్ధం.

కట్టెల మోపులో తేళ్ళు, జెర్రులు, కట్లపాములు చేరతాయి. రాత్రిపూట చెయ్యి పెట్టి కట్టె లాగకండి. సాయంత్రం వెలుతురుండగానే మర్నాటి కట్టెలు తీసి పెట్టుకోండి. తీసేముందు కర్రతో రెండు దెబ్బలు వేయండి. పాము కరిస్తే తాడు కట్టడం, గాటు పెట్టడం లాంటివి చేయకుండా, కదలనివ్వకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

4. వెలిగించడం

కొంగు బొడ్లో దోపుకోండి. చున్నీ తీసి పక్కన పెట్టండి. పాలిస్టర్ చీర, నైలాన్ నైటీ అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. పొయ్యి దగ్గర నూలు బట్టలే కట్టుకోవాలి. జుట్టు ముడి వేసుకోవాలి. పక్కన నిండు బకెట్ నీళ్ళు, చెంబు పెట్టుకోండి.

రాత్రి బూడిద ఎత్తేయండి. కడ్డీల మీద కొబ్బరి పీచు గానీ, ఎండు తాటాకు గానీ ఉంచి, దానిమీద వేలెడు లావు చితుకులు అడ్డదిడ్డంగా, సందులు ఉండేలా పెట్టండి. ఒక కర్పూరం బిళ్ళ వెలిగించి పీచు కింద జరిపితే చాలు. కిరసనాయిలు, పెట్రోలు, డీజిలు దగ్గరికి రానివ్వకండి. ముఖ్యంగా ఆరిపోయిందనుకున్న నిప్పుల మీద కిరసనాయిలు పోయడం ప్రాణాంతకం. నిప్పుల వేడికి అది ముందు ఆవిరవుతుంది, తర్వాత ఒక్కసారిగా మంట లేచి చేతిలోని సీసా దాకా వస్తుంది.

చితుకులు బాగా అంటుకున్నాక మూడు నాలుగు కట్టెలు పెట్టండి, అంతకన్నా ఎక్కువ వద్దు. కట్టెల మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. మొనలు మాత్రమే మండాలి. మొన కాలేకొద్దీ కట్టెను లోపలికి ఎగదోయాలి. పొయ్యి నిండా కుక్కితే గాలి లోపలికి వెళ్ళదు, పొగంతా నోటినుంచే వస్తుంది. మొదటి పది నిమిషాల్లోనే పొగ ఎక్కువ. ఆ సమయంలో పిల్లల్ని, ముసలివాళ్ళను దూరంగా ఉంచండి. మంట నిలబడ్డాకే గిన్నె ఎక్కించండి.

ఊదుగొట్టం వాడేటప్పుడు ముఖం పొయ్యికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు ఉండాలి. గాలి పీల్చుకునేటప్పుడు గొట్టం నోటినుంచి తీసి, తల పక్కకు తిప్పి పీల్చాలి. గొట్టం నోట్లోనే ఉంచుకుని పీలిస్తే బూడిద, వేడి పొగ నేరుగా గొంతులోకి పోతాయి. పిల్లల చేతికి ఊదుగొట్టం ఇవ్వకండి.

5. వండుకునేటప్పుడు

పప్పు, బియ్యం ముందే నానబెడితే, గిన్నె మీద మూత పెడితే మంట ముందు కూర్చునే సమయం బాగా తగ్గుతుంది. గిన్నె అడుగున బయటివైపు తడి బూడిద పూయడం మన పెద్దల పద్ధతి, తోమేటప్పుడు మసి సులువుగా వదులుతుంది.

ప్రెషర్ కుక్కర్ కట్టెల మీద పెట్టేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది, ఈ మంటను గ్యాస్‌లా తిప్పి తగ్గించలేం. మొదటి విజిల్ రాగానే కట్టెలు బయటికి లాగేయాలి. సెగకు పిడి కరుగుతుంది, గాస్కెట్ త్వరగా పాడవుతుంది. నన్నడిగితే కుక్కర్ గ్యాస్ మీదే వాడండి.

గంజి వార్చేటప్పుడు కాలిన చేతులు మన ఇళ్ళలో ఎన్నో. గిన్నెను ముందు పొయ్యి మీదనుంచి దించి, నేల మీద నిలిపి, పొడిగా ఉన్న మందపాటి మసిగుడ్డలతో రెండు పక్కలా పట్టుకుని, ఆవిరి మన వైపు రాకుండా అవతలికి వంచాలి. మసిగుడ్డ తడిగా ఉంటే వేడి చురుక్కున చేతికి ఎక్కుతుంది. స్నానాల నీళ్ళ విషయంలో కూడా ఒక నియమం పెట్టుకోండి. బకెట్లో ముందు చన్నీళ్ళు, ఆ తర్వాతే వేణ్ణీళ్ళు. వేణ్ణీళ్ళు పోసి చన్నీళ్ళ కోసం వెళ్ళొచ్చేలోపు పిల్లలు అందులో చెయ్యి పెట్టేస్తారు.

బూరెలు, గారెలు వేసే మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. పోస్తే మండే నూనె చిమ్మి నాలుగు పక్కలా పడుతుంది. మూకుడుకు సరిపోయే మూత ముందే పక్కన పెట్టుకోండి. మూత జరిపి కప్పేసి, కట్టెలు లాగేసి, చల్లారేదాకా ముట్టుకోకండి.

6. గ్యాస్ కూడా ఉన్న ఇంట్లో

ఒకే గదిలో గ్యాస్ సిలిండర్, పక్కనే కట్టెల పొయ్యి. చూస్తేనే నాకు టెన్షన్. వంట గ్యాస్ గాలి కన్నా బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీద నీళ్ళలా పాకుతుంది, గడపలు దాటుతుంది, కింద పొయ్యిలో నిప్పు దొరకగానే అంటుకుంటుంది. రెండూ వేర్వేరు గదుల్లో ఉండాలి. గ్యాస్ వాసన వస్తుంటే పొయ్యి వెలిగించకండి, లైటు స్విచ్ కూడా ముట్టుకోకండి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి.

7. ఆర్పడం, బూడిద తీయడం

వంట అయ్యాక కట్టెలు బయటికి లాగి, కొరివి మొనలను ఇసుకలో గానీ నీళ్ళలో గానీ ఆర్పండి. మట్టి పొయ్యిలో గుమ్మరింతగా నీళ్ళు పోస్తే బీటలు తీస్తుంది, ఎగసే ఆవిరికి చెయ్యి కాలుతుంది. కొద్దికొద్దిగా చిలకరించండి.

పైకి తెల్లగా, చల్లగా కనబడే బూడిద లోపల నిప్పు మర్నాటి దాకా ఉంటుంది, ఒక్కోసారి రెండు మూడు రోజులు కూడా. దాన్ని ప్లాస్టిక్ తట్టలో ఎత్తి పెంటకుప్ప మీద పోస్తే, మధ్యాహ్నం వడగాలికి రవ్వలు లేచి పక్కనున్న వాము అంటుకుంటుంది. మూతున్న రేకు డబ్బాలో వేసి, నీళ్ళు చల్లి, గోడలకు దూరంగా రెండు రోజులు ఉంచాకే పారేయండి. చౌడు నేల కాకపోతే ఆ బూడిద కూరగాయల మడికి కొద్దిగా వేసుకోవచ్చు. తడి బూడిదతో ఎక్కువసేపు గిన్నెలు తోమితే చేతులు పగులుతాయి, అది క్షారం కదా.

కుంపటి: పొగ లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోకండి

ఈ భాగం మాత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. చలికాలంలో అరకు, లంబసింగి, ఆదిలాబాద్ వైపు రాత్రుళ్ళు నిప్పుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకుంటారు. ఎర్రగా కణకణలాడే బొగ్గుల్లో పొగ ఉండదు, వాసన ఉండదు. కానీ కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. ఆ వాయువు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి, మత్తు, వరసగా వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్ళకు ఇవేవీ తెలియవు, ఇక లేవరు.

బాలింత మంచం కింద కుంపటి పెట్టడం మన ఇళ్ళలో పాత ఆచారం. పెద్దవాళ్ళు ప్రేమతోనే పెడతారు. కానీ తలుపులు మూసిన గదిలో, పుట్టి పది రోజులు కూడా కాని బిడ్డ పక్కన, ఆ వాయువు నింపుతున్నామన్న సంగతి వాళ్ళకు తెలియదు. వెచ్చదనం కోసం దుప్పట్లు, స్వెటర్, బిడ్డను తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడం చాలు. తలకు సాంబ్రాణి పట్టాలంటే తలుపులు బార్లా తెరిచి, బిడ్డను వేరే గదిలో ఉంచి, అయిపోగానే నిప్పులు బయటికి తీసేయండి. మా చెల్లి పురుడప్పుడు ఈ విషయంలో అత్తయ్యతో వాదించాల్సి వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆవిడే కుంపటి తీసి వరండాలో పెట్టారు.

కుంపటి ఉన్న గదిలో ఎవరికైనా మత్తుగా అనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయాలి.

ఒంటికి నిప్పంటుకుంటే, చెయ్యి కాలితే

బట్టలకు నిప్పంటుకుంటే పరిగెత్తకూడదు, గాలికి మంట పెరుగుతుంది. ఉన్నచోటే నేల మీద పడుకుని, ముఖం చేతులతో కప్పుకుని, అటూ ఇటూ దొర్లాలి. పక్కనున్నవాళ్ళు నూలు దుప్పటో, జంపఖానానో కప్పి మంట ఆర్పాలి, లేదా బకెట్ నీళ్ళు గుమ్మరించాలి.

కాలిన చోట మామూలు చన్నీళ్ళు ధారగా 20 నిమిషాలు పోయండి. ఇరవై నిమిషాలంటే చాలాసేపు, గడియారం చూసుకోండి. ఐసు వద్దు. పేస్టు, సిరా, పసుపు, వెన్న, పిండి ఏదీ పూయకండి, అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, ఆస్పత్రిలో గీకి తీయాల్సి వస్తుంది. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. ఒంటికి అతుక్కున్న బట్ట లాగవద్దు, బొబ్బలు చిదపవద్దు. ఉతికిన పలుచటి నూలు గుడ్డ వదులుగా కప్పండి. ముఖం, చేతులు, కీళ్ళ దగ్గర కాలినా, అరచేతి కన్నా పెద్దగా కాలినా, పసిపిల్లలకు ఎంత కాలినా ఆస్పత్రికి వెళ్ళాలి.

మా వంటసాల తలుపు వెనక నాలుగు నంబర్లు అమ్మ బొగ్గుతో రాసిపెట్టింది: అంబులెన్స్ 108, ఫైర్ 101, గ్యాస్ లీకు 1906, ఏది తోచకపోయినా 112. చదువు రాని మా పనావిడ కూడా ఏ అంకె దేనికో బొమ్మ గుర్తుతో చెప్పేయాలని, ఒక్కోదాని పక్కన ఒక చక్రం, ఒక మంట, ఒక సిలిండర్, ఒక మనిషి గీసింది.